రక్షిత సాగుభూమిగా గుర్తించిన చిన్న కమతం: యజమానికి ఏ హక్కులు మిగులుతాయి?

ప్రశ్న: రెండున్నర ఎకరాలు

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం. మా తండ్రిగారి పేరిట రెండున్నర ఎకరాల పొలం ఉంది. మా కుటుంబానికి ఉన్న స్థిరాస్తి అదొక్కటే. ఇటీవల వెలువడిన ముసాయిదా భూవినియోగ ప్రణాళికలో ఆ పొలం మొత్తాన్ని రక్షిత వ్యవసాయ మండలంలో (జోన్‌లో) చేర్చారు. మాకు విడిగా తాఖీదు ఏదీ రాలేదు. పక్క పొలం వారు పటం చూసి చెబితే తెలిసింది. దారికి ఇటువైపున్న మా పొలానికి ఆకుపచ్చ రంగు వేశారు, అటువైపున్న నేలకు నివాసయోగ్యమని పసుపు రంగు వేశారు. రెండు వైపులా మట్టి ఒకటే, పారే నీరు కూడా ఒక్క కాలువదే.

నేను సాగుభూమి రక్షణకు వ్యతిరేకిని కాను. మంచి నేల మీద ఒకసారి కాంక్రీటు పడితే అది మళ్లీ పొలం కాదన్న సంగతి నాకు తెలుసు. మా నాన్నగారైతే "మనం దున్నుకునే నేలను దున్నుకోమంటున్నారు, ఇందులో మనకు పోయేదేముంది" అంటున్నారు. కానీ నాకూ నా చెల్లెలికీ రేపు ఈ పొలం పంచుకోవలసి ఉంటుంది. నేను పొలంలోనే చిన్న ఇల్లు కట్టుకుని సాగు చేయాలనుకుంటున్నాను. చెల్లెలు తన వాటా అమ్ముకుని వేరే చోట స్థిరపడాలనుకుంటోంది. ఈ రెండు కోరికలూ ఇక సాగవని కొందరు, ఏమీ కాదని మరికొందరు చెబుతున్నారు.

నా సందేహాలు ఇవి. మండలంలో చేరినంత మాత్రాన యాజమాన్యంలో ఏమైనా తగ్గుతుందా? వారసుల మధ్య పంపకానికి అడ్డు ఉంటుందా? నివసించడానికి ఇల్లు కట్టుకోవచ్చా? భూమి ధర పడిపోతే పరిహారం అడిగే హక్కు ఉంటుందా? ప్రాంతాన్ని బట్టి చట్టం మారుతుందని ఎరుగుదును. అయినా ఇటువంటి చట్టాలు సాధారణంగా ఎలా నడుస్తాయో, చిన్న యజమాని దేనిని గమనించుకోవాలో చెప్పగలిగితే కృతజ్ఞుడిని.

సమాధానం: ప్రణాళికా విభాగ విశ్రాంత ఉద్యోగి

ముసాయిదా దశలోనే మీకు ఈ సంగతి తెలియడం మంచిదైంది, ఎందుకంటే తుది ప్రకటన వెలువడిన తరువాత చాలా ద్వారాలు మూసుకుపోతాయి. నేను ఇటువంటి పటాల తయారీలో చాలా ఏళ్లు పని చేశాను కాబట్టి, నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

మండలంలో చేర్చడం వల్ల యాజమాన్యం మారదు. పొలం మీ తండ్రిగారిదే; సాగు చేయవచ్చు, కౌలుకివ్వవచ్చు, అమ్మవచ్చు, వీలునామా రాయవచ్చు. మారేది ఆ నేలను ఏ పనికి వాడవచ్చన్న అనుమతి. భూమి మీద హక్కు అనేది ఒక్క హక్కు కాదు. దున్నుకునే హక్కు, ఇతరులను రానివ్వకుండా ఉండే హక్కు, బదిలీ చేసే హక్కు, విభజించే హక్కు, నిర్మించే హక్కు అన్నీ కలిసిన ముడి అది. రక్షిత మండలం ఆ ముడిలోంచి ముఖ్యంగా చివరి రెండింటిని బిగిస్తుంది. వంద ఎకరాల ఆసామికి ఆ రెండూ ఎప్పుడో అక్కరకొచ్చే హక్కులు. రెండున్నర ఎకరాలవారికి పిల్లల పంపకం, తలదాచుకునే ఇల్లు, కష్టకాలంలో కొంత ముక్క అమ్ముకోవడం అన్నీ ఆ రెండింటి మీదే ఆధారపడి ఉంటాయి. నిబంధన అందరికీ ఒకటే అయినా బరువు ఒకటి కాదని నేను ఉద్యోగంలో ఉన్నప్పుడే అనుకునేవాడిని, ఇప్పటికీ అదే అంటాను.

విభజన సంగతి ముందు చూద్దాం. సాగుభూమిని రక్షించే చట్టాలు దాదాపుగా అన్నీ కనీస కమత పరిమాణాన్ని నిర్ణయిస్తాయి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 1973లో తెచ్చిన భూవినియోగ చట్టం కింద సాగుకే ప్రత్యేకించిన మండలాలు ఏర్పడ్డాయి. 1993 నాటి సవరణ తరువాత అక్కడ కొత్తగా విడదీసే సాగు కమతం సాధారణంగా 80 ఎకరాలకు, పశువుల మేత భూమి అయితే 160 ఎకరాలకు తగ్గకూడదు. ఇటువంటి లెక్క చిన్న కమతాలున్న చోట ఏ విధంగానూ పొసగదు. అందువల్ల మీ ముసాయిదాలో కనీస పరిమాణం ఎంతని రాశారో, ఇప్పటికే అంతకన్నా చిన్నవిగా ఉన్న కమతాల గురించి ఏమన్నారో, వారసత్వ పంపకాన్ని విభజనగా లెక్కిస్తున్నారో లేదో మొదట చదవండి. హక్కులో వాటాలు ఏర్పడటం వేరు, నేల మీద హద్దురాళ్లు పాతి రెండు కమతాలుగా నమోదు చేయడం వేరు. మొదటిదాన్ని సాధారణంగా ఈ నిబంధనలు అడ్డుకోవు. అడ్డు రెండోదానికే వస్తుంది. అప్పుడు మీ చెల్లెలి వాటా ఉమ్మడిగా మిగిలిపోతుంది. ఉమ్మడి వాటాను బయటివారు కొనడానికి వెనుకాడతారు, కొన్నా తక్కువకే అడుగుతారు.

చిన్న యజమానిని గుర్తుపెట్టుకుని రాసిన చట్టాలూ ఉన్నాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 1973లో దాదాపు 47 లక్షల హెక్టార్లను వ్యవసాయ భూనిధిగా కేటాయించింది. రాష్ట్ర విస్తీర్ణంలో అది సుమారు 5 శాతం. అయితే 1972 డిసెంబరు 21 నాటికి విడి హక్కుపత్రం ఉండి రెండు ఎకరాల కన్నా తక్కువగా ఉన్న కమతాలకు ఆ భూవినియోగ ఆంక్షలు వర్తించవని చట్టంలోనే రాశారు. ఆ తేదీకి ముందు నుంచీ భూమి తమదిగా ఉంచుకున్నవారు సాగు మానుకునే వయసులో ఇంటి స్థలాన్ని మిగిలిన పొలం నుంచి విడదీసుకోవడానికి దరఖాస్తు చేసుకునే పద్ధతి కూడా అక్కడ ఉంది. మీ ముసాయిదాలో ఇటువంటి మినహాయింపు లేకపోతే, అది లేదన్న మాటే మీ అభ్యంతరంలో మొదటి అంశం కావాలి.

ఇల్లు కట్టుకోవడం గురించి. సాగు చేసేవారి నివాసాన్ని పూర్తిగా నిషేధించిన చట్టాలు తక్కువ, కానీ షరతుల్లో చాలా తేడాలున్నాయి. ఒరెగాన్‌లో మేలురకం నేల మీద రైతు నివాసానికి అనుమతి రావాలంటే ఆ పొలం మీద ఏటా కనీసం 80,000 డాలర్ల స్థూల ఆదాయం చూపించాలన్న నియమం ఒకటి ఉంది. చిన్న రైతుకు అది అందని మెట్టు. బ్రిటిష్ కొలంబియాలో 2018 నాటి సవరణ ప్రధాన నివాసాన్ని 500 చదరపు మీటర్లకు పరిమితం చేసింది. ధనవంతులు పొలాల్లో భవంతులు కట్టుకోకుండా ఆపడానికి పెట్టిన ఆ హద్దు చిన్న రైతు ఇంటిని తాకదు. ఆదాయాన్ని బట్టి పెట్టే షరతు చిన్నవారిని బయటకు నెడుతుంది, నిర్మాణ పరిమాణాన్ని బట్టి పెట్టే షరతు చిన్నవారిని వదిలి పెద్దవారిని పట్టుకుంటుంది. మీ ముసాయిదా ఈ రెండింటిలో ఏ దారి పట్టిందో చూడండి.

కేరళ 2008లో వరిపొలాలు, చిత్తడినేలల పరిరక్షణ చట్టం తెచ్చినప్పుడు ఆ జిల్లాలో ఇల్లు కట్టుకోవడానికి తగిన వేరే స్థలం లేని యజమానికి పంచాయతీ ప్రాంతంలో 10 సెంట్లు, పురపాలక ప్రాంతంలో 5 సెంట్ల వరకు సొంత ఇంటికోసం అనుమతించే వీలు ఉంచింది. పక్క పొలాల సాగుకు, నీటి పారుదలకు అది భంగం కాకూడదన్న షరతు కూడా పెట్టింది. నా దృష్టిలో ఇది న్యాయమైన పద్ధతి, ఎందుకంటే మినహాయింపు భూమికి కాకుండా మనిషి అవసరానికి దక్కుతుంది. అయితే అదే చట్టం అమలులో మరో పాఠం కూడా ఉంది. రక్షించవలసిన పొలాల జాబితాను అక్కడ స్థానిక సంస్థల వారీగా తయారు చేశారు. ఎప్పుడో పూడిపోయి తోటలుగా మారిన భూములు కూడా ఆ జాబితాలో చేరిపోవడంతో, యజమానులు ఒక్కొక్కరుగా రెవెన్యూ డివిజనల్ అధికారికి దరఖాస్తు పెట్టుకుని తమ నేల పేరు తీయించుకోవలసి వచ్చింది. పటం గీసినవారి పొరపాటును నిరూపించే భారం యజమాని మీద పడింది. అందుకే ముసాయిదా దశలో ఒక్క పేజీ అభ్యంతరం దాఖలు చేయడం తరువాత కార్యాలయాల చుట్టూ తిరగడం కన్నా ఎంతో మేలు.

సమాధానం: ఆస్తి చట్టం చూసే న్యాయవాది

పైన పెద్దలు విభజన, నివాసం గురించి వివరంగా చెప్పారు కాబట్టి నేను పరిహారం ప్రశ్నకే పరిమితమవుతాను. మీకు అనవసరమైన ఆశ కల్పించడం నాకు ఇష్టం లేదు: వినియోగాన్ని నియంత్రించినందువల్ల ధర తగ్గితే, ఆ తగ్గుదలకు పరిహారం చాలా చోట్ల రాదు.

దీనికి మూలం పాతది. 1926లో అమెరికా సుప్రీంకోర్టు యూక్లిడ్ గ్రామం కేసులో, మండల నిబంధన వల్ల ఎకరా విలువ సుమారు 10,000 డాలర్ల నుంచి 2,500కు పడిపోతుందని యజమాని వాదించినా ఆ నిబంధన చెల్లుతుందని తీర్పు చెప్పింది. 1978 నాటి పెన్ సెంట్రల్ కేసులో, ఆర్థిక నష్టం ఎంత, పెట్టుబడి పెట్టినప్పుడు యజమానికి న్యాయంగా ఉన్న ఆశలు ఏమిటి, ప్రభుత్వ చర్య స్వభావం ఎటువంటిది అన్న మూడు ప్రశ్నలతో తూచాలన్నారు. 1992 నాటి లూకస్ తీర్పు ఒక రేఖ గీసింది: ఆర్థికంగా పనికివచ్చే వినియోగమేదీ మిగలకపోతే, కొన్ని మినహాయింపులకు లోబడి, అది స్వాధీనం చేసుకోవడంతో సమానమే, పరిహారం చెల్లించాలి. సాగుభూమి యజమాని ఈ రేఖ దాటడం చాలా కష్టం, ఎందుకంటే సాగు అన్న వినియోగం మిగిలే ఉంటుంది. నేల పండుతున్నంత కాలం "ఏమీ మిగలలేదు" అన్న వాదన నిలవదు. మీ తండ్రిగారి మాట కూడా చట్టం దృష్టిలో ఇదే.

కొన్ని ప్రభుత్వాలు వివాదానికి తావు లేకుండా చట్టంలోనే తలుపు వేసేశాయి. బ్రిటిష్ కొలంబియా చట్టం భూనిధిలో చేర్చడాన్ని స్వాధీనంగా భావించరాదని మొదట్లోనే రాసుకుంది. కెనడాలోనే మరో రాష్ట్రమైన ఒంటారియో, నగరాల చుట్టూ ఉన్న పొలాలను, పచ్చని నేలను కాపాడడానికి 2005లో తెచ్చిన హరితవలయ చట్టంలో కూడా ఇటువంటి రక్షణ ప్రభుత్వానికి ఉంది. భారత రాజ్యాంగంలో 1978 నాటి 44వ సవరణ తరువాత ఆస్తి ప్రాథమిక హక్కుగా లేదు. చట్టబద్ధమైన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ హరించరాదన్న 300-ఏ అధికరణం కింద రక్షణ మిగిలింది. భూమిని ప్రభుత్వం నిజంగా తీసుకుంటున్నప్పుడు ఈ అధికరణానికి బలం ఎక్కువ. వినియోగాన్ని మాత్రమే నియంత్రిస్తున్నప్పుడు వాదన ప్రధానంగా ప్రక్రియ మీదకు మళ్లుతుంది: అధికారం ఉన్నవారే చేశారా, ప్రకటన ఇచ్చారా, అభ్యంతరం విన్నారా, పోలిక ఉన్న రెండు భూముల మధ్య తేడా చూపడానికి సహేతుకమైన కారణం చెప్పారా. దారికి అటూ ఇటూ మట్టి ఒకటే, కాలువ ఒకటే అని మీరు రాశారు. మీ కేసులో అన్నిటికన్నా బలమైన వాక్యం అదేనని నా అభిప్రాయం.

కాలం విషయం కూడా ఒకటి గమనించండి. యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానం 1982లో స్వీడన్‌కు సంబంధించిన స్పోరాంగ్, లోన్‌రోత్ కేసులో తీర్పు ఇచ్చింది. అవి నగరంలోని స్థలాలు, పొలాలు కావు. అయినా సూత్రం పనికొస్తుంది. రెండు ఆస్తులలో ఒకటి 23 ఏళ్లు, మరొకటి 8 ఏళ్లు భూసేకరణ అనుమతి నీడలో ఉన్నాయి. నిర్మాణ నిషేధం వరుసగా 25 ఏళ్లు, 12 ఏళ్లు సాగింది. యాజమాన్యం పోలేదు, అమ్ముకోవడానికీ చట్టం అడ్డు చెప్పలేదు. అయినా అంతకాలం పునఃపరిశీలన గానీ పరిహారం గానీ అడిగే వీలు లేకుండా ఉంచడం ప్రజాప్రయోజనానికీ వ్యక్తి హక్కుకూ మధ్య ఉండవలసిన సమతూకాన్ని చెడగొట్టిందని న్యాయస్థానం తేల్చింది. అందువల్ల మీ ముసాయిదాలో మండల హద్దులను నిర్ణీత కాలానికొకసారి తిరిగి పరిశీలిస్తామన్న నిబంధన ఉందో లేదో చూడండి. లేకపోతే దానిని చేర్చమని లిఖితపూర్వకంగా కోరండి.

పరిహారం తప్పనిసరి చేస్తే ఏమవుతుందో కూడా ఒరెగాన్‌లోనే చూశారు. 2004 నవంబరులో అక్కడి ఓటర్లు 37వ ప్రతిపాదనను ఆమోదించారు. నిబంధన రాకముందు నుంచీ భూమి కలిగి ఉన్న యజమానికి ధర తగ్గితే ప్రభుత్వం పరిహారం చెల్లించాలి, లేదా ఆ నిబంధనను ఆ భూమికి వదులుకోవాలి. చెల్లించడానికి నిధులు లేవు కాబట్టి దాదాపు ప్రతిచోటా నిబంధననే వదులుకున్నారు. దరఖాస్తులు ఆరు వేలు దాటాయి. వాటిలో ఒకటి రెండు ఇళ్లు కోరినవారితో పాటు పెద్ద లేఅవుట్లు వేయదలచినవారూ ఉన్నారు. మూడేళ్లు తిరిగేసరికి, 2007లో, అదే ఓటర్లు 49వ ప్రతిపాదనతో దానిని కుదించారు: చాలామందికి గరిష్ఠంగా మూడు ఇళ్లు, నష్టాన్ని నిరూపించుకున్నవారికి కొన్ని షరతుల మీద పది వరకు, మేలురకం సాగునేల మీద మాత్రం మూడు దాటకుండా. చిన్న కుటుంబం ఇంటి అవసరానికీ వ్యాపారానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో తెలుసుకోవడానికి ఆ రాష్ట్రానికి రెండు ఓటింగులు పట్టాయి.

సమాధానం: కౌలు సాగుదారు

న్యాయవాదిగారు, పెద్దలు చెప్పినదంతా యజమాని వైపు నుంచి ఉంది. నాకు సొంత భూమి లేదు. పదిహేనేళ్లుగా కౌలుకు సాగు చేస్తున్నాను. నా వైపు నుంచి కూడా ఈ విషయాన్ని చూడమని వినయంగా కోరుతున్నాను.

రక్షణ లేని చోట భూమి ధర పంటను బట్టి ఉండదు, రేపు అక్కడ ఏం కడతారన్న ఊహను బట్టి ఉంటుంది. ఆ ధరకు పొలం కొని పంట ఆదాయంతో తిరిగి రాబట్టడం ఎవరివల్లా కాదు, కాబట్టి సాగు చేసేవాడు కొనలేడు, కొన్నవాడు సాగు చేయడు. ఊహ మీద కొన్నవారు దీర్ఘకాలిక కౌలు ఇవ్వరు. ఏడాదికొకసారి మాట మారుస్తారు. అటువంటి పొలంలో నేను సేంద్రియ ఎరువు వేసి నేల బాగుచేయలేను, బోరు వేయలేను, పండ్లమొక్క నాటలేను. రక్షిత మండలం వస్తే ధర తగ్గుతుందని మీరు నష్టంగా రాశారు. ఆ తగ్గిన ధరే నాలాంటివాడికి మొదటిసారి అందుబాటులోకి వచ్చే ధర. మీ చెల్లెలి వాటాను కొనడానికి ముందుకు వచ్చేది బహుశా నాలాంటి వాడే.

అయితే నేలను రక్షించి సాగుదారుని గాలికి వదిలేసే చట్టాన్ని నేనూ సమర్థించను. బ్రిటిష్ కొలంబియాలో భూనిధి చట్టం తెచ్చిన 1973లోనే సాగు ఆదాయానికి భరోసా ఇచ్చే మరో చట్టాన్ని కూడా తెచ్చారు. ఆంక్ష ఒక చేత్తో, అండ ఒక చేత్తో ఇచ్చారు. కాలువ పూడిక తీయడం, పొలానికి దారి, పంట నిల్వ చేసుకునే కొట్టు, పశువుల పాక వంటివాటికి మండలంలో అనుమతి సులభంగా ఉండాలి. చుట్టూ ఇళ్లు వచ్చిన తరువాత ఎరువు వాసన, రాత్రిపూట మోటారు చప్పుడు గురించి ఫిర్యాదులు వస్తాయి. మామూలు సాగు పనులను ఆ ఫిర్యాదుల నుంచి కాపాడే నిబంధన కూడా ఉండాలి. మీ అభ్యంతర పత్రంలో "మా పొలం తీసివేయండి" అన్న ఒక్క మాటే కాకుండా, "ఉంచితే ఇవి ఇవ్వండి" అని కూడా రాయమని నా విన్నపం.

సమాధానం: బ్యాంకు రుణాల విభాగంలో పనిచేసినవారు

కౌలు సాగుదారుగారి మాటల్లో నిజం ఉంది, కానీ ఒక చోట నేను విభేదిస్తాను. చిన్న రైతుకు భూమి ధర అమ్మకం రోజున మాత్రమే అక్కరకొచ్చేది కాదు. అది అతని పూచీ. వైద్యానికో చదువుకో, ఒక పంట పోయిన తరువాత మళ్లీ విత్తనం వేయడానికో అప్పు పుట్టేది ఆ ధరను చూపించే. మండలంలో చేరిన భూమిని తాకట్టు పెట్టుకునేవారు సాగు విలువనే లెక్కిస్తారు. అప్పు పరిమితి ఆ మేరకు తగ్గుతుంది. పెద్ద ఆసామికి వేరే ఆస్తులు, వేరే ఆదాయాలు ఉంటాయి. ఒక్క పొలమే ఉన్న కుటుంబానికి ఆ తగ్గుదల వెంటనే, అత్యవసర సమయంలోనే తగులుతుంది. నగరానికి పచ్చదనం, సమాజానికి ఆహార భద్రత లభించినందుకు ఖర్చును ఎవరు భరించాలన్నదే అసలు ప్రశ్న. లాభం అందరిదైనప్పుడు భారం కొద్దిమందిదే కావడం నాకు న్యాయంగా తోచదు.

ఈ భారాన్ని పంచే పద్ధతులు లేకపోలేదు. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం మాంట్‌గోమరీ కౌంటీలో 1980లో సుమారు 93,000 ఎకరాలను వ్యవసాయ నిధిగా ప్రకటించి, ఐదు ఎకరాలకు ఒక ఇల్లన్న పరిమితిని 25 ఎకరాలకు ఒకటిగా మార్చారు. దానికి బదులుగా ఐదు ఎకరాలకు ఒకటి చొప్పున బదిలీ చేయదగిన అభివృద్ధి హక్కులు యజమానులకు ఇచ్చారు. పట్టణంలో అదనపు ఇళ్లు కట్టదలచిన నిర్మాణదారులు ఆ హక్కులు కొంటారు. పొలం పొలంగానే ఉంటుంది, యజమాని చేతికి సొమ్ము వస్తుంది. మరికొన్ని చోట్ల ప్రభుత్వమే నేరుగా ఆ హక్కు కొని, ఆ నేల శాశ్వతంగా సాగుకే ఉండేలా రాయించుకుంటుంది. కాలిఫోర్నియాలో 1965 నాటి విలియమ్సన్ చట్టం కింద యజమాని కనీసం పదేళ్లు సాగుకే ఉంచుతానని ఒప్పందం చేసుకుంటే ఆస్తిపన్ను మార్కెట్ ధర మీద కాకుండా సాగు విలువ మీద వేస్తారు.

కానీ వీటి కొలమానాలు కూడా పెద్ద కమతాలను చూసి పెట్టినవే. ఐదు ఎకరాలకు ఒక హక్కు అంటే రెండున్నర ఎకరాలవారికి దక్కేది సగం. కాలిఫోర్నియా చట్టం కింద మేలురకం నేల అయినా 10 ఎకరాలకు తగ్గితే అది సాగుకు సరిపడనంత చిన్నదన్న భావనతో మొదలుపెడతారు. చిన్న యజమానులు ఇటువంటి పథకం కోరేటప్పుడు, పక్కపక్క కమతాలవారు కలిసి ఒక్క దరఖాస్తు పెట్టుకునే వీలు ఉండాలని కూడా అడగాలి.

ఇంకొక ప్రమాదం గురించి చెప్పకుండా ఉండలేను. మండలంలో చేర్చడం కన్నా, తరువాత ఎవరి నేలను మండలం నుంచి తీసేస్తారన్నది పెద్ద అన్యాయానికి దారి తీయవచ్చు. ఒంటారియోలో 2022లో హరితవలయం నుంచి 15 చోట్ల సుమారు 7,400 ఎకరాలు తొలగించారు. దానివల్ల ఆ భూయజమానులకు 830 కోట్ల కెనడా డాలర్లకు పైగా విలువ పెరగవచ్చని, ఎంపిక ప్రక్రియ కొందరు నిర్మాణదారులకు అనుకూలంగా నడిచిందని అక్కడి ఆడిటర్ జనరల్ 2023 ఆగస్టులో నివేదిక ఇచ్చారు. సెప్టెంబరులో ప్రభుత్వం వెనక్కి తగ్గి ఆ భూములను తిరిగి చేర్చడానికి ఒప్పుకుంది. ఒక నియమం చిన్నవాడికి రాతిగోడలా, పలుకుబడి ఉన్నవాడికి తెరలా ఉంటే, ఆ నియమాన్ని గౌరవించమని చిన్నవాడిని అడిగే నైతిక హక్కు ఎవరికీ ఉండదు.

ప్రశ్న అడిగినవారు: రెండున్నర ఎకరాలు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ సమాధానాలు మా నాన్నగారికి చదివి వినిపించాను. కౌలు సాగుదారుగారి మాటలు విన్న తరువాత ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, పొలం మండలంలోనే ఉండనివ్వమన్నారు. బ్యాంకు వారి మాటలు విన్న తరువాత మాత్రం చెల్లెలి వాటా సంగతి తేలకుండా సంతకం పెట్టనన్నారు. ముసాయిదాను మళ్లీ చదివాను. కనీస కమతం ఐదు ఎకరాలని ఉంది. ఇప్పటికే అంతకన్నా చిన్నవిగా ఉన్న కమతాల గురించి ఒక్క వాక్యం కూడా లేదు. వారసత్వ పంపకం గురించి, సాగుదారు నివాసం గురించి, పునఃపరిశీలన గడువు గురించి కూడా ఏమీ లేదు. ఏమీ రాయకపోవడాన్ని అనుమతిగా తీసుకోవాలా, నిషేధంగా తీసుకోవాలా?

సమాధానం: ప్రణాళికా విభాగ విశ్రాంత ఉద్యోగి

రాయనిదాన్ని అనుమతిగా భావించకండి. నా అనుభవంలో, నిబంధన ఏమీ చెప్పని చోట కింది స్థాయి ఉద్యోగి బాధ్యత తన మీదకు రాకుండా తిరస్కరించే అవకాశమే ఎక్కువ. అది అతని దుర్మార్గం కాదు. రాతపూర్వకమైన ఆధారం లేకుండా అనుమతి ఇస్తే రేపు సంజాయిషీ చెప్పుకోవలసింది అతనే. అందువల్ల మౌనం ఉన్న ప్రతిచోటా మీకు కావలసిన వాక్యాన్ని మీరే రాసి ఇవ్వండి. "ఈ ప్రణాళిక ప్రకటించిన తేదీ నాటికి నమోదై ఉన్న ఐదు ఎకరాల లోపు కమతాలకు కనీస పరిమాణ నియమం వర్తించదు, వారసుల మధ్య పంపకాన్ని విభజనగా పరిగణించరాదు" అన్నంత స్పష్టంగా ఉండాలి. "మాకు న్యాయం చేయండి" అని రాసిన అభ్యంతరాలు నా బల్ల మీదకు వందల కొద్దీ వచ్చేవి. వాటిని నమోదు చేసుకోవడం తప్ప చేయగలిగింది ఉండేది కాదు. చేర్చవలసిన వాక్యాన్ని రాసి ఇచ్చినవారి పత్రాన్ని మాత్రం కమిటీ ముందు పెట్టి చర్చించవలసి వచ్చేది.

రెండో అంశంగా దారికి అటూ ఇటూ ఉన్న తేడాను ప్రశ్నించండి. మట్టి పరీక్ష, నీటి వనరు, గత కొన్నేళ్ల పంటల నమోదు జతచేయండి. మీ పొలాన్ని తీసివేయమని అడుగుతున్నారా, లేక అటువైపు నేలను కూడా చేర్చమంటున్నారా అన్నది ముందే తేల్చుకోండి, ఎందుకంటే విచారణలో మొదట అడిగే ప్రశ్న అదే. మీ తండ్రిగారి మనసు పొలాన్ని మండలంలోనే ఉంచాలని ఉంది కాబట్టి, తొలగింపు అడగకుండా మినహాయింపులు, గీత గీయడానికి కారణాలు మాత్రమే అడగడం మేలని నా సలహా. మండలం నుంచి బయటపడాలని చూసేవారిగా కాకుండా, మండలంలో బతకగలగాలని చూసేవారిగా మిమ్మల్ని కమిటీ చూస్తుంది.

పక్క కమతాలవారితో కలిసి వెళ్లండి, కానీ ఎవరి పత్రం వారే సంతకం చేసి ఇవ్వండి. ఉమ్మడి వినతి ఒక్క అభ్యంతరంగానే లెక్కలోకి వెళ్లే ప్రమాదం ఉంది. దాఖలు చేసిన రోజు ముద్ర వేసిన నకలు తీసుకుని భద్రపరచండి. గడువు లోపల అభ్యంతరం చెప్పినట్టు రుజువు లేకపోతే, తరువాత అప్పీలులో మీ మాట వినడానికి ఆధారమే ఉండదు. గడువు తేదీ ముసాయిదా ప్రకటన మొదటి పేజీలోనే ఉంటుంది; దానిని చివరి రోజు దాకా ఉంచకుండా, ఈ వారంలోనే పని పూర్తి చేయండి.